ఆర్కేడ్ మానిటర్‌లో బొమ్మ రెండుగా ఎందుకు చీలింది?

ప్రశ్న: పాత వీడియో గేమ్ క్యాబినెట్ నుంచి తీసిన 19 అంగుళాల కలర్ మానిటర్ ఒకటి నా చేతికొచ్చింది. దాన్ని కంప్యూటర్‌కు తగిలించి పాత ఆర్కేడ్ గేములు ఆడాలని ఆశ. వీజీఏ కేబుల్ ఒక చివర కోసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్ (గీత ఎప్పుడు మొదలవ్వాలో మానిటర్‌కు చెప్పే సిగ్నల్) వైర్లను మానిటర్ బోర్డు మీది పిన్నులకు కలిపాను. మానిటర్ పవర్ వైరును నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాను. ఆన్ చేస్తే విండోస్ తెర రెండు ముక్కలై పక్కపక్కన కనిపించింది. బొమ్మ మసగ్గా ఉంది, ఏటవాలుగా గీతలు కూడా. సన్నగా ఒక కూత వినిపించింది. భయమేసి వెంటనే ఆపేశాను. మానిటర్ పోయిందా? ఒక చిన్న కన్వర్టర్ బోర్డు కొంటే సరిపోతుందని స్నేహితుడు అంటున్నాడు. నా కంప్యూటర్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, వీజీఏ సాకెట్ మదర్‌బోర్డు మీదిదే. దీంతో పనవుతుందా, కార్డు కొనాలా?

సమాధానం: వెంటనే ఆపేశారు కాబట్టి మానిటర్ బాగానే ఉండి ఉంటుంది. కొన్ని క్షణాల పాటు తప్పు సిగ్నల్ అందినంత మాత్రాన ఇవి సాధారణంగా చచ్చిపోవు. కానీ మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది చీలిన బొమ్మ కాదు, "నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాను" అన్న మాట. ముందు దాని సంగతి చూద్దాం. అది తేలేదాకా ఆ మానిటర్‌ను మళ్లీ ఆన్ చేయకండి.

1980లలో వచ్చిన ఆర్కేడ్ మానిటర్లలో చాలావాటికి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. మెయిన్స్ కరెంటును నేరుగా డయోడ్లతో డీసీగా మార్చుకుని వాడేస్తాయి. ఎలక్ట్రోహోమ్ జీ07, వెల్స్ గార్డ్‌నర్ కే4600, కే7000 లాంటి పేరున్న మోడళ్లన్నీ ఈ తరహావే. వీటి బోర్డు మీద "గ్రౌండ్" అని రాసి ఉన్న చోటుకు మెయిన్స్‌తో నేరుగా సంబంధం ఉంటుంది. మీ కంప్యూటర్ గ్రౌండేమో ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఈ రెంటినీ వీజీఏ కేబుల్‌తో కలిపారంటే మెయిన్స్ కరెంటు ఆ కేబుల్ గుండానే ఎర్త్‌కు పోతుంది. ఫ్యూజు ఎగిరిపోవడంతో ఆగితే అదృష్టమే. కార్డు, మదర్‌బోర్డు కూడా దాంతోపాటు పోవచ్చు. మానిటర్ ఇనుప ఫ్రేమును ముట్టుకున్న చేయికి షాక్ కొట్టవచ్చు. క్యాబినెట్‌లో ఉన్నన్నాళ్లూ ఈ ప్రమాదం లేకపోవడానికి కారణం, అడుగున బరువుగా కూర్చుని మానిటర్‌ను మెయిన్స్ నుంచి వేరు చేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. మానిటర్ తీసుకునేవాళ్లు దాన్ని అక్కడే వదిలేసి రావడం మామూలే.

మీకు ఏమీ కాలేదంటే మీ మానిటర్ సర్క్యూట్‌లోనే ఐసొలేషన్ ఉండి ఉండాలి, లేదా మీరు గ్రౌండ్ వైరు కలిపి ఉండకపోవాలి. గ్రౌండ్ గురించి మీరు రాయలేదు, అందుకే రెండో అనుమానం. బోర్డు మీద, ఫ్రేము మీద అతికించిన లేబుల్ చదవండి. మోడల్ నంబరు దొరికితే సర్వీస్ మాన్యువల్ వెతకండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలో అక్కర్లేదో అందులో మొదటి పేజీల్లోనే ఉంటుంది. తెలుసుకునే దారి లేకపోతే కావాలనే అనుకోండి. 19 అంగుళాల మానిటర్‌కు 150 నుంచి 200 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ హాయిగా సరిపోతుంది. వోల్టేజీ కూడా లేబుల్‌లోనే చూడండి. జపాన్ క్యాబినెట్ నుంచి వచ్చిందైతే 100 వోల్టులు, అమెరికాదైతే 120 వోల్టులు ఉండవచ్చు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తుంటారు. వోల్టేజీ తగ్గించడానికి దొరికే మామూలు స్టెప్‌డౌన్ కన్వర్టర్లలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. అవి వోల్టేజీ తగ్గిస్తాయి కానీ మెయిన్స్ నుంచి వేరు చేయవు. స్టెబిలైజరు, సర్జ్ ప్రొటెక్టరు కూడా అంతే. ట్రాన్స్‌ఫార్మర్ మీద "ఐసొలేషన్" అనే మాట ఉండాలి, లోపల రెండు చుట్లూ విడివిడిగా ఉండాలి.

పిక్చర్ ట్యూబ్ పక్కన ఎర్రటి లేదా నల్లటి రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్ ఆపినా కొంతసేపు నిలిచే ఉంటుంది. ట్యూబ్‌ను డిశ్చార్జ్ చేయడం ఎప్పుడూ చేయకపోతే, తెలిసినవాళ్ల చేత చేయించుకోండి. ట్యూబ్ వెనకాల సన్నటి గాజు మెడ ఉంటుంది, మానిటర్ ఎత్తేటప్పుడు అది దేనికైనా తగిలిందంటే కథ అక్కడితో ముగుస్తుంది.

ఇక బొమ్మ సంగతి. ప్లగ్గుల రంగులు, పిన్నుల వరస మీద అందరూ తల బద్దలు కొట్టుకుంటారు గానీ అసలు చిక్కు వైర్లలో లేదు. సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్) తెర మీద ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి గీత తర్వాత గీత గీసుకుంటూ పోతుంది. మామూలు ఆర్కేడ్ మానిటర్ సెకనుకు సుమారు 15,700 గీతలు గీస్తుంది. ఫ్రేముకు, అంటే ఒక పూర్తి బొమ్మకు, 262 గీతల చొప్పున సెకనుకు 60 ఫ్రేములు. దీన్నే 15 కిలోహెర్ట్జ్ మానిటర్ అంటారు. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏలో ఫ్రేముకు 525 గీతలు, అంటే సెకనుకు 31,500. సరిగ్గా రెట్టింపు. నెమ్మదిగా రాసుకునేవాడికి రెండింతల వేగంతో డిక్టేషన్ చెబితే రెండు వాక్యాలు ఒకే వరసలో ఇరికిస్తాడు. మీ మానిటరూ అదే చేసింది. అది ఒక గీత గీసేలోపు కంప్యూటర్ రెండు గీతల సిగ్నల్ పంపింది. ఒకటి ఎడమ సగంలో, ఇంకొకటి కుడి సగంలో పడింది. అందుకే ఒకే తెర రెండు ముక్కలై పక్కపక్కన కనిపించింది. ఆ కూత సింక్ దొరక్క హారిజాంటల్ సర్క్యూట్ పడ్డ అవస్థ. ఎక్కువసేపు అలాగే వదిలేస్తే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

రిజల్యూషన్ తగ్గించి 320×200 పెడితే సరిపోతుందిగా అని అనిపించవచ్చు. సరిపోదు. తక్కువ రిజల్యూషన్‌లో వీజీఏ కార్డు ప్రతి గీతనూ రెండుసార్లు పంపి 31 కిలోహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. తమాషా ఏమిటంటే అంతకుముందు 1981లో వచ్చిన సీజీఏ కార్డులు 15.7 కిలోహెర్ట్జ్ దగ్గరే పనిచేసేవి. ఆర్కేడ్ మానిటర్లకూ కంప్యూటర్లకూ చుట్టరికం తెగిపోయింది వీజీఏ వచ్చాకే.

అన్నట్టు ఆర్కేడ్ మానిటర్లన్నీ 15 కిలోహెర్ట్జ్‌వి కావు. 25 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే మీడియం రిజల్యూషన్‌వి ఉన్నాయి, 31 వి ఉన్నాయి, వెల్స్ గార్డ్‌నర్ డీ9200 లాగా అన్నిటినీ పట్టుకునేవీ ఉన్నాయి. మీకు బొమ్మ రెండుగా వచ్చిందంటే మీది 15 దే. ఆస్టరాయిడ్స్, టెంపెస్ట్ లాంటి గేముల్లోని వెక్టర్ మానిటర్లైతే ఈ గొడవే లేదు, వాటిలో వరసగా గీతలు గీయడమే ఉండదు. మామూలు వీడియో కార్డుతో వాటికి పొత్తు కుదరదు.

మీ స్నేహితుడు చెప్పిన కన్వర్టర్ బోర్డు బహుశా జీబీఎస్ 8200 రకం అయి ఉంటుంది. అవి పనిచేసేది ఎదురు దిశలో. ఆర్కేడ్ గేమ్ బోర్డు నుంచి వచ్చే 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ను 31 కి పెంచి కంప్యూటర్ మానిటర్ మీద చూపిస్తాయి. మీకు కావలసింది తగ్గించడం. తగ్గించే పెట్టెలూ లేకపోలేదు గానీ నేనైతే కొనమని చెప్పను. 480 గీతల బొమ్మను పిండి 240 గీతల్లో పెట్టేటప్పుడు పదును పోతుంది, చాలావాటిలో కంట్రోల్స్‌కు బొమ్మ కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది. అంత కష్టపడి సీఆర్‌టీ తెచ్చుకున్నది ఆ రెండూ వద్దనే కదా.

సరైన దారి కార్డు చేతనే 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పుట్టించడం. మదర్‌బోర్డు మీది వీజీఏతో, విండోస్‌లో ఈ పని నమ్మకంగా జరగదు. పాత ఏఎండీ రేడియన్ కార్డు ఒకటి సంపాదించండి. హెచ్‌డీ 5000 నుంచి 7000 సిరీస్ దాకా ఏదైనా బాగుంటుంది, గేముల కోసం దాని బలమెంత అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. కొత్త కార్డు మాత్రం కొనకండి. అనలాగ్ సిగ్నల్ ఇచ్చే డీవీఐ-ఐ సాకెట్ ఎన్‌విడియాలో జీటీఎక్స్ 900 సిరీస్‌తో ఆగిపోయింది. రేడియన్‌లో ఆర్9 290 నుంచే తీసేయడం మొదలుపెట్టారు. సాకెట్‌లో అడ్డగీతలాంటి చీలిక చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలుంటే అది డీవీఐ-ఐ, అందులోంచి అనలాగ్ వస్తుంది. ఆ నాలుగూ లేకపోతే డీవీఐ-డీ, మనకు పనికిరాదు.

ఆ కార్డుకు సీఆర్‌టీ ఎముడ్రైవర్ అనే మార్చిన డ్రైవర్ వేయాలి. ఏఎండీ డ్రైవర్‌నే సవరించి, మామూలుగా ఒప్పుకోని తక్కువ ఫ్రీక్వెన్సీలను ఒప్పుకునేలా చేశారు. దాంతోపాటు వచ్చే వీఎంమేకర్ అనే ప్రోగ్రాంలో మానిటర్ రకం "జెనెరిక్ 15 కిలోహెర్ట్జ్" అని ఎంచుకుంటే కావలసిన మోడ్‌లన్నీ తయారుచేసి పెడుతుంది. మీ ఆర్కేడ్ మానిటర్ తన వివరాలను కార్డుకు చెప్పుకోలేదు కాబట్టి, మానిటర్ ఉన్నట్టు కార్డును నమ్మించే ఈడీఐడీ ఎమ్యులేషన్ కూడా అందులోనే ఆన్ చేయాలి. గేములకు గ్రూవీమేమ్ వాడండి, పాత ఆర్కేడ్ గేములను కంప్యూటర్‌లో నడిపించే ప్రోగ్రాం అది. లైనక్స్ అలవాటుంటే గ్రూవీఆర్కేడ్ అనే డిస్ట్రిబ్యూషన్‌లో ఇదంతా ముందే అమర్చి ఉంటుంది.

వీఎంమేకర్ ఇచ్చిన జాబితాలో 2560×240 లాంటి విచిత్రమైన రిజల్యూషన్లు చూసి కంగారు పడకండి. 320×240 బొమ్మను 15 కిలోహెర్ట్జ్‌లో పంపాలంటే పిక్సెల్ క్లాక్, అంటే కార్డు పిక్సెళ్లను పంపే వేగం, దాదాపు 6, 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి. మామూలు వీజీఏ మోడ్‌దే 25.175 మెగాహెర్ట్జ్. అంతకంటే బాగా దిగువకు చాలా కార్డులు దిగలేవు. అందుకని ఒక్కో పిక్సెల్‌ను అడ్డంగా ఎనిమిదిసార్లు పంపుతారు. క్లాక్ పెరుగుతుంది, గీతకు పట్టే కాలం మాత్రం మారదు. తెరకు ఈ సంగతి తెలియను కూడా తెలియదు. నిలువునా గీతల లెక్క ఉంటుంది గానీ, అడ్డంగా దానికి పిక్సెల్ అనేదే లేదు. వోల్టేజీ పెరిగితే వెలుగుతుంది, తగ్గితే చీకటి, అంతే. అదే మోడ్‌లో 320 వెడల్పు గేమూ, 384 వెడల్పు గేమూ రెండూ ఆడుకోవచ్చు.

గ్రూవీమేమ్ చేసే అసలు మేలు వేరే ఉంది. పాత గేములన్నీ ఖచ్చితంగా 60 హెర్ట్జ్ కావు. ప్యాక్‌మ్యాన్ 60.6, మోర్టల్ కాంబాట్ 54.7. మామూలు ఎల్‌సీడీ మీద మోర్టల్ కాంబాట్ ఆడితే మధ్యమధ్య చిన్న కుదుపులు కనిపించేది అందుకే. గ్రూవీమేమ్ ఏ గేముకు ఆ గేము లెక్క వేసి, సరిగ్గా ఆ రేటుకే మోడ్ మారుస్తుంది. మీ మానిటర్ 54 నుంచి 61 దాకా పెద్దగా పేచీ పెట్టకుండా పట్టుకుంటుంది, మహా అయితే వర్టికల్ హోల్డ్ నాబ్ కాస్త తిప్పాల్సి రావచ్చు. కాకపోతే ప్యాక్‌మ్యాన్ లాంటి నిలువు గేములకు మానిటర్‌నే పక్కకు తిప్పాలి. ఆ గేము బొమ్మ ఎత్తు 288. అడ్డంగా ఉన్న మానిటర్‌లో ఆ 288 గీతల్నీ 60 హెర్ట్జ్‌లో గీయాలంటే దాదాపు 19 కిలోహెర్ట్జ్ కావాలి. 15 దానికి అది కుదరదు కాబట్టి ఇంటర్‌లేస్ (ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు గీయడం) వేసుకోవాలి, అప్పుడు బొమ్మ అదురుతుంది. విండోస్ డెస్క్‌టాప్ 640×480 ఇంటర్‌లేస్‌లోనే వస్తుంది, అక్షరాలు వణుకుతుంటే మానిటర్ చెడిపోయిందనుకోకండి.

ఇదంతా చేసేటప్పుడు ఆర్కేడ్ మానిటర్‌ను కలపొద్దు. మామూలు ఎల్‌సీడీ తెరతో డ్రైవర్ వేసుకోండి, మోడ్‌లు తయారుచేసుకోండి. తర్వాత కార్డు అనలాగ్ సాకెట్‌కు వీజీఏ ఉన్న ఎల్‌సీడీ ఒకటి తగిలించి 15 కిలోహెర్ట్జ్ మోడ్ ఆన్ చేయండి. చాలా ఎల్‌సీడీలు దాన్ని చూపించలేక "అవుట్ ఆఫ్ రేంజ్" అంటాయి, పక్కన అందిన ఫ్రీక్వెన్సీ అంకె కూడా వేస్తాయి. అక్కడ 15.7 కు దగ్గరగా కనిపిస్తే కార్డు మాట విన్నట్టే. 31 అని కనిపిస్తే ఇంకా పని మిగిలే ఉంది. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు, మానిటర్‌కు ప్రమాదమూ లేదు.

బొమ్మ మసగ్గా రావడానికి కారణం వేరు. కార్డు పంపేది 0.7 వోల్టుల సిగ్నల్. ఆర్కేడ్ బోర్డులు అంతకు ఎన్నో రెట్లు, 3 నుంచి 5 వోల్టుల దాకా పంపుతాయి, మానిటర్ దానికే అలవాటు పడి ఉంది. మసగ్గా ఉంది కదా అని ఫ్లైబ్యాక్ (ట్యూబ్‌కు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మీది "స్క్రీన్" నాబ్ తిప్పుతారు కొందరు. తిప్పితే నలుపు బూడిద రంగవుతుంది, తెరంతా తెల్లటి ఏటవాలు గీతలు పడతాయి. దాన్ని ముట్టుకోకండి. కావలసింది మధ్యలో ఒక చిన్న వీడియో యాంప్లిఫయర్. క్యాబినెట్ వైరింగ్ కూడా మీ దగ్గర ఉండి, అది జామా (చాలా ఆర్కేడ్ క్యాబినెట్లలో ఉండే ప్రామాణిక) కనెక్టర్‌దైతే, అల్టిమార్క్ వాళ్ల జేప్యాక్ అనే బోర్డు అన్నిటికంటే తేలిక. యాంప్లిఫయరూ, సింక్ కలిపే సర్క్యూటూ, జాయ్‌స్టిక్ బటన్లను కీబోర్డుగా మార్చే సర్క్యూటూ ఒకే బోర్డు మీద ఉంటాయి. 15 కంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ వస్తే మానిటర్‌కు పోనివ్వకుండా ఆపుతుంది కూడా. ఒట్టి మానిటరే ఉంటే విడిగా దొరికే ఆర్‌జీబీ యాంప్లిఫయర్ చాలు. నింటెండో క్యాబినెట్లలోని శాన్యో మానిటర్లకు మాత్రం ఇదీ సరిపోదు. అవి నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా చదువుకుంటాయి, వాటికి సిగ్నల్‌ను తిరగేసే బోర్డు వేరే పెట్టాలి.

వైర్ల సంగతి రెండు ముక్కల్లో. వీజీఏ ప్లగ్గులో 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 నీలం, 6, 7, 8 ఆ మూడింటి గ్రౌండ్‌లు, 13 హారిజాంటల్ సింక్, 14 వర్టికల్ సింక్, 10 సింక్ గ్రౌండ్. కోసిన కేబుల్ లోపలి రంగుల్ని నమ్మకండి, మల్టీమీటర్‌తో పిన్ను పిన్నుకూ చూసుకోండి. మానిటర్‌లో హెచ్, వీ అని రెండు సింక్ పిన్నులుంటే నేరుగా కలపండి. ఒక్కటే ఉంటే దానికి కాంపోజిట్ సింక్, అంటే రెండూ కలిసిన సింక్, కావాలి. రెండు వైర్లనూ మెలిపెట్టి ఒకటిగా కలపకండి, కార్డు సింక్ అవుట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. 74 ఎల్ఎస్ 86 లాంటి చిన్న లాజిక్ చిప్ ద్వారా కలపాలి. రెడీమేడ్ యాంప్లిఫయర్లలో చాలావాటిలో అది ముందే ఉంటుంది.

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు, విండోస్ డ్రైవర్ మేలుకునేదాకా, కార్డు 31 కిలోహెర్ట్జ్‌లోనే ఉంటుంది. ఆ కాసేపూ మానిటర్ మళ్లీ ఆ చీలిన బొమ్మే చూస్తుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ముందు విడిగా ఒక స్విచ్ పెట్టుకుని, విండోస్ పూర్తిగా లేచాకే మానిటర్ ఆన్ చేయండి. ఆపేటప్పుడు ముందు మానిటర్, తర్వాత కంప్యూటర్. కార్డు బయాస్‌నే (కార్డు లేచేటప్పుడు నడిచే లోపలి ప్రోగ్రాంనే) మార్చి మొదటి నుంచీ 15 లో లేపే పద్ధతి కూడా ఉంది కానీ, కార్డు పాడైనా ఫర్వాలేదనుకుంటేనే దాని జోలికి వెళ్లండి.

అన్నీ సరిగ్గా కలిపాక మొదటిసారి బొమ్మ పక్కకు జారినట్టో, ఒరిగినట్టో రావచ్చు, అది మామూలే. హారిజాంటల్ హోల్డ్ మెల్లగా తిప్పి బొమ్మ నిలిచే చోటు పట్టుకోండి. పైకో కిందికో దొర్లుతుంటే వర్టికల్ హోల్డ్. వెడల్పు సరిచేసే కాయిల్‌ను ప్లాస్టిక్ పుల్లతోనే తిప్పండి, ఇనుప అలెన్ కీతో తిప్పితే లోపలి ఫెరైట్ ముక్కలవుతుంది. రెండు హోల్డ్‌లూ చివరిదాకా తిప్పినా బొమ్మ నిలవకపోతే సింక్ పొలారిటీ అనుమానించండి. మానిటర్‌కు నెగటివ్ కావలసి ఉండగా మీ సర్క్యూట్ పాజిటివ్ ఇస్తుండవచ్చు. కొన్ని మానిటర్లలో రెంటికీ వేర్వేరు పిన్నులుంటాయి. ఆఫ్ చేసి, సింక్ వైరును రెండో పిన్నుకు మార్చి చూడండి.